కంగారూ పాఠానికి ఫారం గుడ్లు

మనిషన్నాక ఎక్కడో ఒకచోట పరువు పోతుంది. నాది నాందేడ్‌లో, కాలేజీ జువాలజీ ల్యాబులో, పన్నెండు గుడ్ల సాక్షిగా పోయింది. నవ్వండి గానీ, మా ఊరు కర్ఖేలి వాళ్లకు మాత్రం చెప్పకండి.

ఎనభైల మొదట్లో నేనక్కడ టెంపరరీ డెమాన్‌స్ట్రేటర్‌ని. మా పెద్దసారు ముందే చెప్పేశాడు: "ఔరంగాబాద్ నుంచి ప్రొఫెసర్ అస్తుండు. ఆయన ముంగట సెమినార్ మంచిగ చెప్తే నీ నౌకరి పక్కా. లేకుంటే ఊరికి పోయి పత్తి ఏరుకో."

నేను ఎంచుకున్నది కంగారూ పిల్ల రక్తం. ఆ పిల్ల చిక్కుడు గింజంత ఉన్నప్పుడే పుట్టేస్తుంది. అప్పటికి దాని ఒంట్లో ఇంకా పిండం నాటి హిమోగ్లోబినే ఉంటుంది. తల్లి సంచిలో పాలు తాగుతూ ఎదిగిన కంగారూల హిమోగ్లోబిన్‌కు మారుతుంది. మనం కడుపులోనే వదిలేసి వచ్చే తొలి రక్తంతో అది ఏకంగా లోకంలోకి వచ్చేస్తుందన్నమాట!

నాందేడ్‌లో కంగారూ ఎక్కడ దొరకాలి? కోడిపిండానికీ తొలిరోజుల్లో వేరే హిమోగ్లోబిన్ ఉంటుంది కాబట్టి, ఐదురోజుల పిండం రక్తం చూపిద్దామని గుడ్ల దుకాణానికి పోయాను.

"ఊరి కోళ్లయి ఉన్నయ్ సాబ్, తీస్కపోండ్రి," అన్నాడు దుకాణపాయన.

"ఛీ, ఒకటి పెద్దగ, ఒకటి చిన్నగ! ఫారంవి ఇయ్యి. సైన్స్ పని ఇది!"

ఐదు రోజులు బల్బు వేడిలో పెట్టి, తిండి మానేసి కాపలా కాశాను.

సెమినార్‌లో కంగారూను దంచేశాను. ప్రొఫెసర్ తలూపాడు. ఇక పిండం చూడండంటూ గుడ్డు పగలగొట్టాను. పచ్చసొన! రెండోది, పచ్చసొన! ఆరోదానికి నా రక్తమే గడ్డకట్టింది.

"పిండమేదయ్యా?" అడిగాడు పెద్దసారు.

"లోపల్నే ఉండాలె సార్!"

పన్నెండూ పగిలాయి. "ఆమ్లెట్ కరతోస్ కాయ్?" అన్నాడు ప్రొఫెసర్. ఆమ్లెట్ వేస్తున్నావా అని!

బల్ల తుడవడానికి ల్యాబు ఊడ్చే పోశవ్వను పిలిచారు. ఆమె గుడ్ల పెంకులు చూసి ముక్కున వేలేసుకుంది. "ఇవి ఫారం గుడ్లు గద బిడ్డా! ఆడ అన్నీ పెట్టలేనాయె. పుంజు లేంది పిల్ల ఎట్లయితది?"

నాకు దిమ్మతిరిగింది. నేను, కోళ్లగంప పక్కనే పెరిగినవాణ్ణి, ఎమ్మెస్సీ ఫస్టు క్లాసువాణ్ణి! చదవేస్తే ఉన్న మతి పోతుందంటారు. నాకు మతితోపాటు నౌకరీ కూడా పోతోంది.

పెద్దసారు ఆ మాట మరాఠీలో చెప్పగానే ప్రొఫెసర్ అడిగాడు: "ఈమె నౌకరీ పర్మనెంటేనా?"

"ఎప్పుడో అయింది సార్."

"మంచిది. ఇతనిది ఇంకో ఏడాది ఆగనీయండి. అందాకా ఆమె దగ్గర నేర్చుకుంటాడు."

ఆ పచ్చసొనల ముందే కుడిచెయ్యి చాచి ప్రమాణం చేశాను: పుంజు కూత నా రెండు చెవులతో వినకుండా ఈ జన్మలో ఏ గుడ్డునూ పొదగను!