ఒక కిడ్నీ, ఇద్దరు యజమానులు

కిడ్నీలు మార్చే ఆ యూరాలజిస్టుది మంచి హస్తవాసి అని ఊరంతా అనేది. ఊరికంటే ముందు ఆయనే అనేవాడు. దాత దగ్గర్నుంచి తీసిన కిడ్నీని పొత్తికడుపులో ఓ పక్కన కూర్చోబెట్టి, రక్తనాళాలు కలిపి, మూత్రనాళాన్ని మూత్రాశయానికి కుట్టడం ఆయన పని. పక్కనున్నవాళ్లది మెచ్చుకునే పని.

అలా ఒక దర్జీకి బావమరిది కిడ్నీ అమర్చాడు. అంతే, ఆ ఒక్క కిడ్నీకి ఇద్దరు యజమానులు తయారయ్యారు. "నా కిడ్నీకి ఉప్పు పడదు బావా!" అని బావమరిది దర్జీ ముందున్న కంచం లాక్కునేవాడు. "నేను పెట్టిన కిడ్నీ, రాయిలా ఉంటుంది" అని డాక్టరు మీసం దువ్వేవాడు. దర్జీ అద్దెకున్నవాడిలా మధ్యలో ఒదిగి కూర్చునేవాడు.

కొన్నాళ్లకు దర్జీకి మూత్రం తగ్గింది, కాళ్లు వాచాయి. రక్తపరీక్ష చూసి డాక్టరు కళ్లెర్రజేశాడు.

"మాత్రలు ఎగ్గొడుతున్నారా?"

"లేదండీ..."

"దొంగచాటుగా ఉప్పు తింటున్నాడు సార్!" బావమరిది అందుకున్నాడు.

"ఉప్పుడబ్బా నీ సంచిలోనే ఉంది కదరా!" అంది దర్జీ భార్య తమ్ముడితో.

రోగి తప్పు రుజువు చేద్దామనే డాక్టరు స్కాన్ రాశాడు. కిడ్నీ ఉబ్బి ఉంది. మూత్రం దిగే దారి, సరిగ్గా ఆయన కుట్టిన చోటే, ఇరుకైపోయింది. మిషన్ పాతదన్నాడు. ఇంకో మిషన్‌లో చూపించాడు. కొత్త మిషన్ కూడా అదే కూసింది. చివరికి దర్జీ వైపు తిరిగాడు.

"తప్పు మీది కాదు. కుట్టిన చోట దారి మూసుకుంటోంది. మళ్లీ తెరవాలి."

"కుట్టిన చోట అంటే, ఎవరు కుట్టారండీ?" అంది ఇల్లాలు అమాయకంగా.

"...నేనే."

ఆ రెండక్షరాలకు ఆయనకు చెమట పట్టింది. తెల్లారి ఆపరేషన్ మాత్రం జాగ్రత్తగా చేశాడు. ఇరుకైన ముక్క తీసేసి నాళాన్ని మళ్లీ కలిపాడు. కిడ్నీ తేరుకుంది.

వారం తిరక్కుండానే యజమానులిద్దరూ మంచానికి చెరోపక్క చేరారు. "ఇలాగైతే నా కిడ్నీ నాకు తిరిగిచ్చేయండి!" అని బావమరిది, "రెండుసార్లు కుట్టింది నేను!" అని డాక్టరు కేకలు. దర్జీ దుప్పటి తీసి మెల్లగా లేచాడు.

"మీరిద్దరూ కాస్త బయటికెళ్లి పోట్లాడుకుంటారా? నేను ఒంటేలు పోసుకోవాలి."