మూడిళ్ల తుపాకి

నా చిన్నప్పుడు మా మేనత్తకు ఒక తుపాకి ఉండేది. ఉండేది అంటే మొత్తం ఆమె ఇంట్లోనే ఉండేదని కాదు. తుపాకి ఆమె ఇంట్లో గోడకు వేలాడేది. దాని గొట్టంలో పోసే మందు ఎద్దుకొమ్ములో నింపి పక్కింటి అవ్వ అటక మీద ఉండేది. అది పేలాలంటే శనగగింజంత ఇత్తడి టోపీ ఒకటి పెట్టాలి. ఆ టోపీల డబ్బా వీధి చివర మా ఇంట్లో, మా తాత సందూక పెట్టెలో ఉండేది. ఒక్క తుపాకి మూడిళ్లలో కాపురం చేసేది.

ఎందుకలా అని నేను అడగని మనిషి లేడు. చెమ్మ తగలకుండా అని అవ్వ చెప్పింది. పిల్లలు ముట్టకుండా అని మా తాత చెప్పాడు. మా అమ్మ అయితే, నీ నోట్లో ఎప్పుడూ ప్రశ్నలేనా, పోయి చాట తీసుకురా అంది. ముగ్గురూ మూడు మాటలు చెప్పేసరికి అసలు సంగతి ఇంకేదో ఉందని నాకు గట్టిగా అనిపించింది. తొమ్మిదేళ్ల పిల్లకు పెద్దవాళ్లు దాచే సంగతి కన్నా రుచి అయినది ఇంకేముంటుంది?

మా ఊరు లింగాలకు దగ్గర, నల్లమల అంచున. మా మామ జ్వరంతో పోయి అప్పటికి రెండేళ్లు. అత్తకు పిల్లలు లేరు. సగం రోజులు నేను ఆమె దగ్గరే తిని ఆమె దగ్గరే పడుకునేదాన్ని. అడవిని ఆనుకుని ఉన్న నాలుగెకరాల చేను ఒక్కటే ఆమెకు ఆధారం. జొన్న పొట్టకొచ్చిందంటే అడవిపందులకు కబురు అందినట్టే. మంద దిగితే తినేది తక్కువ, పడదొక్కేది ఎక్కువ. డబ్బాలు కొడితే మొదటి రెండు రోజులు పరుగెత్తుతాయి, మూడో రోజు తలెత్తి చూసి మళ్లీ మేస్తాయి. తుపాకి చప్పుడు ఒక్కదానికే అవి భయపడేవి.

అందుకని పొద్దు వాలే వేళ అత్త ముందు మా ఇంటికి వచ్చేది. గడపలో నిలబడి టోపీలు ఇమ్మనేది. మా తాత వెంటనే ఇచ్చేవాడు కాదు. చేతిలో పని ఆపి, ఆమె ముఖంలోకి చూసి, “ఏంటికి?” అని అడిగేవాడు. “పందులు దిగినయ్ నాయినా” అనేది అత్త. అప్పుడు లెక్కగా రెండు టోపీలు ఇచ్చేవాడు. అక్కడినుంచి ఆమె అవ్వ ఇంటికి పోయేది. అవ్వ కూడా, పందుల అరుపులు తన చెవులకే వినిపిస్తున్నా సరే, “ఏంటికే?” అని అడిగి జవాబు విన్నాకే నిచ్చెన ఎక్కేది. ప్రతిరోజూ అదే ప్రశ్న, అదే జవాబు. తెలిసిన సంగతిని మళ్లీ మళ్లీ అడగడం ఏమిటో నాకు అర్థమయ్యేది కాదు. నేను ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగితే మాత్రం తిట్లు పడేవి.

ఇక ఆగలేక ఒక మధ్యాహ్నం నేనే అవ్వ దగ్గరికి పోయి, అత్త మందు తెమ్మంది అని చెప్పాను. మందు ఎలా ఉంటుందో, నిప్పు లేకుండా ఎలా మండుతుందో చూడాలని నా కోరిక. అవ్వ నన్ను ఎగాదిగా చూసి, “ఏంటికి బిడ్డా?” అంది. పందులకు అన్నాను. నడినెత్తిన ఎండ కొడుతుంటే పందులెక్కడివని అవ్వ నా చెయ్యి పట్టుకుని అత్త దగ్గరికి తీసుకుపోయింది. అత్త తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నన్ను ఒళ్లోకి లాక్కుని చాలాసేపు వదల్లేదు. ఇంత చిన్న అబద్ధానికి అంతసేపు పట్టుకోవడమెందుకో నాకు తెలియలేదు. నా ప్రశ్నల మూటలో అదొకటి చేరింది.

మరుసటి ఏడు జొన్న పొట్టకొచ్చే వేళకు, ఊళ్లో సర్కారు మనిషి పోలీస్ పటేల్ అత్త ఇంటికి వచ్చాడు. తుపాకి లైసెన్సు మా మామ పేరున ఉంది, ఆయన లేడు కాబట్టి తుపాకి సర్కారుకు అప్పగించాలని హుకుం వచ్చిందన్నాడు. నా పేరున రాయించుకుంటానని అత్త అంటే, “ఆడమనిషికి తుపాకి లైసెన్సు యాడన్న ఉంటదా?” అని నవ్వి తుపాకి తీసుకుపోయాడు. ఆయన నవ్వు నాకు ఇప్పటికీ నచ్చదు. పది రోజులు తిరగకముందే పందులు చేనులో ఒక మూలంతా చాప పరిచినట్టు చేశాయి. ఆ పంట పోతే చేను కౌలుకిచ్చి, అత్త పుట్టింటికి వచ్చి ఉండాలి. మా ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనలేదు గానీ అందరికీ తెలుసు. అత్తకు మరీ తెలుసు.

మా తాత నాగర్ కర్నూలు పోయి ఒక వకీలును మాట్లాడుకుని దరఖాస్తు పెట్టించాడు. విచారణకు ముందు వకీలు అత్తకు చెప్పవలసిన మాటలు నేర్పాడు. ఇది తుపాకి కాదు, పందులను బెదిరించే చప్పుడు సామాను, గుండు వేయడానికి పనికిరాదు, మనిషికి దీంతో ఏ ప్రమాదమూ లేదు అని చెప్పాలి. డప్పుకు లైసెన్సు అక్కరలేదు, పన్ను అక్కరలేదు. దీనికీ అంతే. తీర్పు మన వైపే వస్తుందని ఆయన ధీమా. ఏడాదికొక్కసారి కట్టే తుపాకి పన్ను కూడా తప్పుతుందని మా తాతకు ఆ ఉపాయం మహా నచ్చింది. అత్త తలూపింది. నేనైతే ఆ మాటలు మొత్తం బట్టీ పట్టేశాను, ఆమె మరిచిపోతే అందిద్దామని.

మా చిన్నమామ బండి కట్టాడు. ఆయన మా మామకు సొంత తమ్ముడు. అత్త చేను పక్కనే ఆయన చేను, మధ్యలో ఒక్క గట్టు. మాట తక్కువ మనిషి. దారిలో నాకు రేగుపళ్లు కోసి ఇచ్చేవాడు, అచ్చంపేట దాటాక తన రుమాలు తడిపి నా తలకు చుట్టాడు. నన్ను ఇంట్లో వదిలి పోదామని చూశారు గానీ, వదిలితే వెనక నడిచి వస్తానని తెలిసి ఎక్కించుకున్నారు.

కచ్చేరీలో తీర్పు చెప్పే మున్సిఫ్ సాహెబ్ ముసలాయన. ఆరోజు ఆయనకు జలుబు. మాటమాటకూ రుమాలు ముక్కుకు పెట్టుకుంటుంటే, ఇంత పెద్దమనిషికి కూడా మనలాగే జలుబు చేస్తుందా అని వింతగా చూశాను. మా తుపాకి ఆయన బల్ల మీద ఉంది. అత్త ఇంటి గోడ మీద గొప్పగా కనిపించే తుపాకి అక్కడ తుప్పుపట్టిన చువ్వలా కనిపించింది. వకీలు ఉర్దూలో చాలాసేపు మాట్లాడాడు. అంతా విన్నాక మున్సిఫ్ సాహెబ్ అత్త వైపు తిరిగి తెలుగులోనే అడిగాడు. “అమ్మా, దీంతోని మనిషి సస్తడా, సావడా? నువ్వే చెప్పు.”

నేర్పిన జవాబు నా నాలుక చివర ఉంది. అత్త తుపాకి వైపు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, మళ్లీ తీసేసింది.

“సస్తడు సాబ్” అంది.

వకీలు కాగితాలు బల్ల మీద పడేశాడు. మా తాత కళ్లు మూసుకున్నాడు. నేను అత్త మరిచిపోయిందనుకుని, చప్పుడు సామాను అని చెప్పత్తా అని కొంగు లాగాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది గానీ నా వైపు చూడలేదు. అప్పుడు చెప్పింది, నేను ఇన్నేళ్లుగా అందరినీ అడుగుతున్న సంగతి.

ఎనిమిదేళ్ల కిందట గట్టు దగ్గర మా మామకూ ఆయన తమ్ముడికీ మాటామాటా పెరిగింది. ఎవరు గట్టును ఎటు జరిపారన్నది తగువు. మామ ఇంటికి వచ్చి తుపాకి తీసుకుని, అక్కడే ఉన్న మందు దట్టించి, అక్కడే ఉన్న టోపీ పెట్టి, పోయి తమ్ముడి గుండెకు గురిపెట్టి మీట నొక్కాడు. టోపీ చెమ్మగిల్లి ఉంది. టిక్కుమంది గానీ పేలలేదు. ఆ చప్పుడుకు ఇద్దరూ గట్టు మీదే కూలబడి ఏడ్చారట. ఆ సాయంత్రమే మామ మందు తీసుకుపోయి అవ్వకిచ్చాడు, టోపీలు తెచ్చి మా తాతకిచ్చాడు. తానే వచ్చి అడిగినా సరే, ఏంటికని అడగకుండా ఇయ్యొద్దని ఇద్దరి దగ్గరా మాట తీసుకున్నాడు.

“పందికని ఎవ్వరికన్న చెప్పొచ్చు సాబ్” అంది అత్త. “తమ్ముని కొరకని ఏ నోటితోని చెప్తరు? కోపం మూడిండ్లు తిరగలేదు సాబ్. నడుమల్నే పడిపోతది.”

పోయిన ఏడు ఈ పిల్ల కూడా మందు అడగబోయింది, అవ్వ ఇయ్యలేదు అని నా సంగతి కూడా చెప్పేసింది. మున్సిఫ్ సాహెబ్ కళ్లద్దాల మీదుగా నన్ను చూశాడు. నీకు ఏంటికి కావల్సొచ్చింది బిడ్డా అని అడిగాడు. అబద్ధం చెప్పే దారి లేదు. ఎట్లుంటదో చూద్దామని అన్నాను. ఆయన నవ్వబోయి తుమ్మాడు. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది.

ఆ తమ్ముడు ఇప్పుడెక్కడున్నాడని ఆయన అడిగాడు. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ చిన్నమామ ముందుకు వచ్చాడు. దారంతా నాకు రేగుపళ్లు కోసిచ్చిన మనిషి. ఆ తుపాకి ఆయన గుండె మీదికి లేచిందని నేను ఊహించలేకపోయాను. మున్సిఫ్ సాహెబ్ అడిగింది ఒక్కటే, ఇది మీ వదినె చేతికిస్తే నీకు భయం లేదా అని.

“లేదు సాబ్” అన్నాడు చిన్నమామ. “ఇది ఏం జేస్తదో మా ఇంట్ల ఆమెకే బాగ తెలుసు. పటేల్ ఇంట్ల ఆయన సొంత మందు, టోపీలు, ఈ తుపాకి అన్ని ఒక్కతాననే ఉండెనంట. నాకు గప్పటిసంది నిద్ర లేదు.”

కచ్చేరీలో కొందరు నవ్వారు. మున్సిఫ్ సాహెబ్ నవ్వలేదు. నమాజుకు లేచి వెళ్లి, తిరిగి వచ్చి తీర్పు రాయించాడు. వకీలు మాకు తెలుగులో చెప్పాడు, కొంచెం ముఖం మాడ్చుకునే. ఇది ముమ్మాటికీ ఆయుధమే, చప్పుడు సామాను కాదు. కాబట్టి లైసెన్సు ఉండాల్సిందే, పన్ను కట్టాల్సిందే. అయితే లైసెన్సు మగవాడికే ఇవ్వాలని చట్టంలో ఎక్కడా రాసి లేదు. కాబట్టి ఈమె పేరున ఇచ్చి, తుపాకి ఇప్పుడే అప్పగించాలి. షరతు ఒక్కటే: తుపాకి, మందు, టోపీలు ఇప్పటిదాకా ఉన్నట్టే మూడిళ్లలో ఉండాలి, ఏంటికని అడగకుండా ఎవరూ ఎవరికీ ఇవ్వకూడదు.

తిరుగు దారిలో మా తాత పన్ను గురించి గొణుగుతూనే ఉన్నాడు. అబద్ధమాడితే పన్ను తప్పేది కదా అన్నాడు. అబద్ధంతో ఇంటికి తెచ్చుకుంటే రేపు అది తుపాకని మనమే మరిచిపోతం నాయినా అంది అత్త. ఆయన బీడీ ముట్టించుకుని బండిలో వెనక్కి తిరిగి కూర్చున్నాడు. ఊళ్లోకి రాగానే అవ్వకు తీర్పు చెప్పాం. సర్కారు కాగితంలో తన ఇల్లు ఎక్కిందని ఆ ముసలమ్మ పోయేదాకా చెప్పుకుంది. వచ్చిన చుట్టాలందరికీ అటక చూపించేది.

ఆ సాయంత్రమే పందులు దిగాయి. అత్త మా గడపలో నిలబడింది. మా తాత చేతిలో పని ఆపి ఏంటికని అడిగాడు. అంతకుముందు వందసార్లు విన్న ప్రశ్నే. ఆరోజు మాత్రం వింటుంటే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కొద్దిసేపటికి చేను వైపు నుంచి తుపాకి చప్పుడు వినిపించింది. ఆ ఏడు జొన్నలు మా అత్త ఇంట్లోకే వచ్చాయి.

ఆ తర్వాత నన్ను వనపర్తికి ఇచ్చారు. అత్త పోయాక తుపాకిని చిన్నమామే తీసుకుపోయి ఠాణాలో అప్పగించాడు. నాకు కోపం ఎక్కువ, పుట్టుకతో వచ్చింది, వయసుతో తగ్గలేదు. కోడలి మీదో కొడుకు మీదో ఒళ్లు మండినప్పుడు నేను చెప్పులేసుకుని పక్కింటికి పోతాను. కొంచెం చింతపండు ఇయ్యి అంటాను. ఎందుకమ్మా, ఏం వండుతున్నవ్ అని వాళ్లు అడుగుతారు. నిజం చెప్పాలంటే నోరు రాదు. ఏదో ఒక కూర పేరు చెప్పి, ఇంకో ఇంటికి నడిచి కరివేపాకు అడుగుతాను. వాళ్లూ అడుగుతారు. మా ఇంట్లో చింతపండు పేరుకుపోయి ఉంటుంది, కోడలు నవ్వుతుంది, ముసలామెకు మతిమరుపు అనుకుంటుంది. అననీ. ఇన్నేళ్లలో నా కోపం ఒక్కసారి కూడా మూడో ఇంటిదాకా నడవలేదు.