ఏసీ డబ్బా మీద ఏడు ముద్దలు

ఒక మంచి మనిషిని ముళ్ళపొదలో పడేసిన ఘనత నాది. చేత్తో తోసి కాదు, నోటితో. ఇన్నేళ్ళయినా ఆ సంగతి తలపుకొస్తే నా చెవులు వేడెక్కుతాయి.

అప్పట్లో నేను అబూధాబీలో, ఐకాడ్ లేబర్ క్యాంపులో ఉండేవాణ్ణి. మా కంపెనీ రోడ్ల మధ్యన, రోడ్ల పక్కన మొక్కలు పెంచేది. గదికి ఎనిమిది మందిమి. ఏడుగురు తెలంగాణ పల్లెల వాళ్ళు, ఎండలో చెట్లు కత్తిరించేవాళ్ళు. ఎనిమిదోవాణ్ణి నేను, గోదావరి జిల్లా వాణ్ణి. స్టోరులో కూర్చుని కత్తెరలు, నీళ్ళ గొట్టాలు అందించేవాణ్ణి. ఏసీ కింద కుర్చీ ఉద్యోగం కాబట్టి నన్ను 'స్టోరు సారు' అనేవాళ్ళు. అందులో గౌరవం పావు వంతు, వెక్కిరింత ముప్పావు వంతు.

గదిలో అందరికంటే పెద్దాయన్ని అందరం కాకా అనేవాళ్ళం. యాభై దాటాయి. రోడ్డు మధ్య కాగితంపూల చెట్లు కత్తిరించడం ఆయన పని. నేను వచ్చిన మొదటి వారం జ్వరంతో పడుకుంటే, తన కింది మంచం నాకిచ్చి తను పై మంచం ఎక్కాడు. డ్యూటీ నుంచి రాగానే చెమట బట్టలతోనే గంజి కాచి, నంజుకోడానికి ఉల్లిపాయ ఇచ్చి, తాగేదాకా కదిలేవాడు కాదు. మా నాన్న నన్ను చదివించాడుగానీ అలా పక్కన కూర్చుని ఎప్పుడూ తాగించలేదు. జ్వరం తగ్గాక కూడా కాకా ఆ మంచం వెనక్కి అడగలేదు, నేనూ ఇవ్వలేదు.

కాకాకి చదువు రాదు. గదిలో ఇంకా నలుగురికి రాదు. అందుకని మాకో అలవాటు ఉండేది. గురువారం సాయంత్రం స్టోరు కంప్యూటర్‌లో తెలుగు పేపరు తెరిచి, పనికిరాని కాగితాల వెనక వైపు నాలుగు వార్తలు ప్రింటు తీసేవాణ్ణి. శుక్రవారం సెలవు. స్నానాలయ్యాక, పొయ్యి మీదికి అన్నం ఎక్కేలోపు నేను చదవాలి, వాళ్ళు వినాలి. వాళ్ళకి కావలసింది తమ జిల్లాలో వాన పడిందా, బంగారం ఎంత, ఏ హీరో సినిమా ఆడింది. అవి అయిపోగానే ఒకడు గోళ్ళు తీసుకునేవాడు, ఒకడు నా ఎదురుగానే గురక పెట్టేవాడు. నాకు ఒళ్ళు మండేది. మెచ్చుకోళ్ళంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి.

ఒక శుక్రవారం ఎక్కడో దూరదేశపు వార్త ఒకటి చదివాను. ఆ ఊళ్ళో ఎవడో కారులో తిరుగుతున్నాడు. రోడ్డు పక్కన మనిషి కనబడితే చాలు, కారు నెమ్మది చేస్తాడు, అద్దం దించుతాడు, తుపాకీతో కాల్చి వెళ్ళిపోతాడు. ఆ వారం ఇద్దరు పోయారు. కుక్కని తిప్పుతున్న ముసలాయన ఒకరు, బస్సు కోసం నిలబడ్డ ఆడమనిషి ఒకరు. గోళ్ళు తీసుకునేవాడి చెయ్యి ఆగింది. గురక ఆగింది.

“వాళ్ళేం జేసిన్రు వానికి?” అని అడిగాడు కాకా.

“ఏమీ చెయ్యలేదు కాకా. వాళ్ళెవరో కూడా వాడికి తెలీదు.”

“పైసలు గుంజుకున్నడా?”

“లేదు.”

“మరెందుకు?”

పేపర్లో ఆ ముక్క లేదు. ఉన్నదంతా చదివాననే చెప్పాను. కాకా చాలాసేపు నా మొహంకేసి చూశాడు, ఆ కారణం నేనే దాచుకున్నట్టు. రోజూ రోడ్డు మధ్య నిలబడే మనిషికి ఆ వార్త ఎలా వినబడుతుందో నాకు తట్టలేదు. నాకు తట్టింది ఒక్కటే, ఇవాళ ఎవరూ నిద్రపోలేదు.

మరుసటి వారం ఇంకొకరు పోయారు. ఆ పై వారం ఇంకొకరు. పక్క గదుల నుంచి కూడా జనం రావడం మొదలుపెట్టారు. ఎవరో నాకోసం ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి గది మధ్యన వేశారు. ఎర్ర కుర్చీ. అందులో కూర్చుంటే నేనేదో పెద్దమనిషినైనట్టుండేది.

నాలుగో గురువారం పేపరు తెరిస్తే, వాడు దొరికిపోయాడు. పోలీసులు కారుతో సహా పట్టుకున్నారు, వాడు ఒప్పుకున్నాడు. మంచి వార్తే, కానీ నాకు మనసు ఉసూరుమంది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా అదే నిజం. రేపు ఇది చదివేస్తే వచ్చే వారం నుంచి మళ్ళీ బంగారం ధర. ఆ ప్రింటు మడిచి స్టోరు రిజిస్టర్లో పెట్టేశాను. శుక్రవారం తెల్లకాగితం పట్టుకుని, వాడు ఇంకా తిరుగుతున్నాడనీ, సైకిల్ మీద రొట్టెలు పంచే అతన్ని కాల్చాడనీ చదివాను. నా బుద్ధి గడ్డి తిన్నది. ఆ పై వారం ఉత్తరాలు పంచే ఆవిడని చంపాను. ఆవిడకి ఇద్దరు పిల్లల్ని కూడా పెట్టాను. పక్క గది అతను కళ్ళు తుడుచుకుంటే లోపల పొంగిపోయాను.

ఆ రోజుల్లోనే ఇంకోటి గమనించాను. శుక్రవారం అన్నం ఉడకగానే, ఎవరూ తినకముందే, కాకా కిటికీ తీసి బయటి ఏసీ డబ్బా మీద చిన్నచిన్న ముద్దలు పెట్టేవాడు. గోరింకలు వచ్చి తినేవి. వాళ్ళ వైపు పల్లెల్లో మనిషి పోతే మూడోరోజు పిట్టకు పెడతారని, పిట్ట ముడితేనే పోయినవాళ్ళకి తృప్తి అని తెలుసు. పెద్దల కోసం పెడుతున్నాడేమో అనుకున్నాను. ముద్దలు వారం వారం ఎందుకు పెరుగుతున్నాయో అడగలేదు. ఎర్ర కుర్చీలో కూర్చున్నవాడికి కిటికీతో పనేముంది?

ఏడో మనిషి దగ్గర నాకు ఊహ అయిపోయింది. చదువుతూ చదువుతూ తలెత్తితే ఎదురుగా కాకా, చేతుల నిండా ముళ్ళ గీతలు. నోటికి అదే వచ్చేసింది. ఈసారి చచ్చిపోయినవాడు రోడ్డు మధ్య చెట్లు కత్తిరించే ముసలి కూలీ అన్నాను. అతనిది ఆ దేశం కాదనీ, పొట్టకూటికి వచ్చినవాడనీ కూడా కలిపాను. కాకా లేచి వెళ్ళి అన్నం దించాడు. ఆ రోజు డబ్బా మీద ఏడు ముద్దలు పెట్టాడు.

అవి ఎండలు ముదిరే రోజులు. ఆ కాలంలో అక్కడి వాళ్ళు కొందరు కారు ఆపి రోడ్డు మీద కూలీలకి చల్లటి నీళ్ళ సీసాలో, మజ్జిగ ప్యాకెట్లో ఇచ్చి వెళతారు. ఆ మజ్జిగని లబన్ అంటారు. కారు నెమ్మదవుతుంది, అద్దం దిగుతుంది, ఒక చెయ్యి బయటికొస్తుంది. పదేళ్ళుగా కాకా అలాంటి చేతుల నుంచి ఎన్ని సీసాలు అందుకున్నాడో లెక్క లేదు. ఆ వారం మొదటి పనిరోజు ఒక తెల్లటి పెద్ద కారు ఆయన పక్కన నెమ్మదైంది. అద్దం దిగింది. కాకా కత్తెర పారేసి కాగితంపూల పొదలోకి బోర్లా దూకాడు.

కారాయన కంగారుపడి దిగి వచ్చాట్ట. కందూరా అనే తెల్లటి పొడుగు అంగీ తొడుక్కున్న పెద్దాయన. కాకాని పొదలోంచి లేపి, చేతుల్లో దిగిన ముళ్ళు ఒక్కొక్కటీ తీసి, టిష్యూలతో రక్తం తుడిచి, నీళ్ళ పెట్టె మొత్తం అక్కడ పెట్టి వెళ్ళాడు. ఇదంతా ఫోర్‌మన్ నవ్వుతూ స్టోరుకొచ్చి చెప్పాడు. నేను నవ్వలేకపోయాను.

మర్నాడు కాకా బస్సెక్కలేదు. ఆ మర్నాడూ ఎక్కలేదు. రోడ్డు పని తప్ప ఏదైనా చేస్తానన్నాడు. కంపెనీలో ఉన్నదే రోడ్డు పని. ఫోర్‌మన్ మంచివాడేగానీ అతని పైన ముదీర్, అంటే మేనేజరు, ఉన్నాడు. ఆయన ఇంకొక్కరోజు చూస్తాను, తర్వాత వీసా క్యాన్సిల్, ఖలాస్ అన్నాడు. కాకా కూతురు కరీంనగర్‌లో నర్సు చదువు చదువుతోంది, ఇంకో ఏడాది ఉంది. క్యాంపులో ఏ పిల్ల ఫొటో కనబడినా, మా బిడ్డ తెల్లబట్టల్లో ఇంకా మంచిగుంటది అనేవాడు. ఆ చదువు నా చేతిలో తెగిపోబోతోంది.

ఆ సాయంత్రం రిజిస్టర్లో దాచిన కాగితం తీసుకుని గదికి పరిగెత్తాను. మిగతావాళ్ళు ఇంకా రాలేదు. కాకా పై మంచం మీద కాళ్ళు వేలాడేసి కూర్చున్నాడు, చేతులకి పసుపు రాసుకుని. వాడు దొరికిపోయాడని కాగితం మొత్తం చదివాను. దాదాపు మూడు వారాల కిందే దొరికాడనీ, ఆ తర్వాతవన్నీ నా కోతలనీ చెప్పాను. తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

“నాకు సదువు రాదు బిడ్డా,” అన్నాడు. “అప్పుడు సదివింది కాయితమే, ఇప్పుడు సదివింది కాయితమే. ఏది నిజమో నాకెట్ల తెల్వాలె?”

నేను ఆయన దగ్గర దొంగిలించింది ఏమిటో అప్పుడు అర్థమైంది. రోడ్డు మీద భయం లేదని నా కాగితం ఇక ఎన్నిసార్లు చెప్పినా పనికిరాదు.

కాకాయే అన్నాడు. “రేపు నువ్వు నాతోని రోడ్డు మీద నిలవడు. కారొస్తె నువ్వు ముంగట ఉండు. గప్పుడు నమ్ముత.”

మర్నాడు స్టోరుకి సెలవు పెట్టి కూలీల బస్సెక్కాను. ఐకాడ్ వచ్చి రెండేళ్ళయినా రోడ్డు మధ్య నేను నిలబడటం అదే మొదటిసారి. అరగంటకే చొక్కా వంటికి అతుక్కుపోయింది. రెండు వైపులా కార్లు రయ్యిమని పోతుంటే మనిషిగా మనం లెక్కలోకి రామనిపించింది. కాకా కత్తిరిస్తూనే ఉన్నాడుగానీ, కారు శబ్దం తగ్గినప్పుడల్లా భుజాలు బిగుసుకునేవి. అది చూడలేకపోయాను.

పది గంటలప్పుడు తెల్లకారు ఒకటి నెమ్మదైంది. నేను ముందుకు వెళ్ళాను. అద్దం దిగుతుంటే, ఆ ఏడు చావుల్లో మూడింటిని స్వయంగా అల్లిన నాకే భయం వేసింది. కాళ్ళు వెనక్కి పడబోయాయి. నా వీపు మీద కాకా చూపు తెలుస్తోంది. ఒక చెయ్యి బయటికొచ్చింది, అందులో రెండు లబన్ ప్యాకెట్లు. ఫోర్‌మన్ చెప్పిన కందూరా పెద్దాయనే. నన్ను దాటి కాకా కేసి చూసి, “సిద్దీక్, ముష్కిల్ ఖలాస్?” అన్నాడు. కష్టం తీరిందా మిత్రమా అని.

కాకా కత్తెర కింద పెట్టి ముందుకొచ్చాడు. ఆ పసుపు చేతులు రెండూ ఎత్తి దండం పెట్టాడు. పెద్దాయన నవ్వి వెళ్ళిపోయాడు.

ఇద్దరం ఖర్జూరం చెట్టు నీడలో కూర్చుని లబన్ తాగాం. నేను కాకా మొహం చూడలేక ప్యాకెట్ మీది అరబీ అక్షరాలు చూస్తున్నాను.

“గా రొట్టెలాయన?” అన్నాడు కాకా.

“లేడు కాకా. నేనే కల్పించాను.”

“ఇద్దరు పిల్లల తల్లి?”

“ఆవిడా లేదు.”

“సెట్లు కత్తిరించెటాయన?”

“మిమ్మల్ని చూసి చెప్పాను. తప్పయిపోయింది కాకా.”

వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపం వస్తుందని చూస్తున్నాను, రాలేదు.

“అయితె ముగ్గురు సావలేదన్నట్టు,” అన్నాడు.

అప్పుడు చెప్పాడు ముద్దల సంగతి. వెనకటి క్యాంపులో వాళ్ళ ఊరివాడొకడు రోడ్డు దాటుతూ కారు కింద పడి చనిపోయాట్ట. శవం ఊరు చేరడానికి నెల పట్టింది, ఇక్కడ పిట్టకు పెట్టేవాడు లేకపోయాడు. అప్పటి నుంచి రోడ్డు మీద దిక్కులేకుండా పోయిన మనిషి గురించి వింటే ఆయనకి అన్నం దిగదు. అందుకని నేను చదివిన ప్రతి మనిషికీ ఒక ముద్ద పెడుతూ వచ్చాడు. నేను చంపుకుంటూ పోయాను, ఆయన అన్నం పెట్టుకుంటూ పోయాడు.

ఆ శుక్రవారం గదిలో అందరికీ నా కోతల సంగతి చెప్పేశాను. తిట్టవలసినవాళ్ళు తిట్టారు. ఎర్ర కుర్చీ ఎవరిదో వాళ్ళు పట్టుకుపోయారు. నేల మీద కూర్చుని జగిత్యాల వైపు వాన పడలేదన్న వార్త ఒక్కటే చదివాను. కాకా కదలకుండా విన్నాడు.

అన్నం ఉడికింది. కాకా కిటికీ తీసి డబ్బా మీద నాలుగు ముద్దలు పెట్టాడు. గోరింకలు వాలేదాకా నిలబడి చూశాడు. తర్వాత గిన్నె పట్టుకుని నా దగ్గరికొచ్చి, నా కంచంలో తన చేత్తో మూడు ముద్దలు విడివిడిగా పెట్టాడు.

“ఇది గా ముగ్గురిది,” అన్నాడు. “బతికిన్రు గదా. నువ్వు తిను బిడ్డా.”