నేను కోసేసిన చివరి సీను

నాలుగేళ్ళుగా ఒక అబద్ధం మోస్తున్నాను. పెద్దదేం కాదు, మూడు మాటలు. "కమిటీ వాళ్ళు కోసేశారు." చెప్పడానికి రెండు సెకన్లు పట్టి ఉంటుంది. దాన్ని మోసిన అలసట మాత్రం ఇంకా తీరలేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకు చెబితే, పోనీలే, ఏదో కామెడీ వీడియో అని ఓదారుస్తారు. నాకు ఆ మాట వద్దు.

దుబాయ్‌లోని అల్ కుసైస్‌లో ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో క్వాలిటీ ఇంజనీరుని. కట్టిన బిల్డింగును ఓనరుకు అప్పగించే ముందు గదిగదీ తిరిగి లోపాల జాబితా రాస్తాను. పగిలిన టైలు, వంకరగా బిగించిన స్విచ్చు, మూతలేని పైపు. ఇతరుల తప్పులకు నంబర్లు వేయడం నా ఉద్యోగం. నా తప్పుకు మాత్రం ఇన్నాళ్ళూ నంబరు వేయలేదు.

మారిసెల్ అప్పట్లో మా ఆఫీసులో డాక్యుమెంట్ కంట్రోలర్. ఫిలిప్పీన్స్ మనిషి, నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. డ్రాయింగులన్నీ ఆమె చేతుల మీదుగానే సైటుకు వెళ్ళాలి. ప్రతి డ్రాయింగు మూలన ఒక చిన్న పట్టీ ఉంటుంది. ఏం మార్చారు, ఎవరు మార్చారు, ఎవరు అనుమతించారు అని మూడు గడులు. ఒక్కటి ఖాళీగా ఉన్నా ఆమె కాగితం తీసుకునేది కాదు. నేను చేరిన కొత్తలో నావి మూడు వెనక్కి పంపింది. "పేరు లేని మార్పు నా దగ్గర నడవదు, సర్" అనేది నవ్వుతూ.

కరోనా ఆంక్షలు సడలాక మా తెలుగు సంఘం మళ్ళీ ఉగాది సభ పెట్టుకుంది. పది నిమిషాల లోపు షార్ట్ ఫిల్ములు చూపిస్తామన్నారు. నేనొకటి రాశాను. దుబాయ్‌లో ఉండే తెలుగు కుర్రాడొకడు, లిఫ్టులో రోజూ "గుడ్ మార్నింగ్ సర్" అనే ఫిలిప్పీన్స్ అమ్మాయి తనను ప్రేమిస్తోందనుకుంటాడు. వాడి ఊహల్లో ఆమె సినిమాల్లో చూసిన రూపాల్లో వస్తుంది. విసనకర్ర చాటున సిగ్గుపడే బొమ్మలా. నడుము ఊపుతూ పిలిచే బార్ పిల్లలా. "ఎస్ సర్, ఎస్ సర్" అంటూ వంగి వంగి దండాలు పెట్టే దాసిలా. ఆ విసనకర్ర, ఆ వంగడం ఏ దేశానివో కూడా వాడికి తెలియదు. వాడికి అందరూ ఒకటే. నవ్వాల్సింది వాణ్ణి చూసి. నేను అలా అనుకునే రాశాను. ఇదొక్కటి నమ్మండి.

వేషం వేయమని అడిగితే మారిసెల్ కథ రెండుసార్లు చెప్పించుకుంది. సినిమాల్లో తమకు ఎప్పుడూ ఇవే వేషాలనీ, అయితే ఆయా, కాకపోతే ఈ బార్ పిల్ల అనీ అంది. ఇది ఎగతాళి అన్నాను. ఎవరిని ఎగతాళి చేస్తున్నారో చూసేవాళ్ళకు ఎలా తెలుస్తుందని అడిగింది. దానికి జవాబు ఆమే రాసింది. అదే చివరి సీను. డ్యూటీ దిగి వచ్చిన అసలు మనిషి లిఫ్టు ముందు నిలబడి ఉంటుంది. బూటు విప్పి, వాచిన పాదం చేత్తో ఒత్తుకుంటూ, ఫోనులో కూతురి చేత ఎక్కాలు చెప్పించుకుంటూ ఉంటుంది. కుర్రాడు పక్కనే ఉంటాడు. ఆమె వాడి వైపు చూడను కూడా చూడదు. లిఫ్టు రాగానే ఎక్కి వెళ్ళిపోతుంది. నూట నాలుగు సెకన్లు. అది ఉంటేనే చేస్తానంది. ఉంటుందన్నాను.

సభకు నాలుగు రోజుల ముందు, సెలవు రోజు మధ్యాహ్నం, మా ఫ్లాట్‌లో ఉండే ఏడుగురికి ఫిల్ము చూపించాను. నేను తెర చూడలేదు, వాళ్ళ ముఖాలు చూశాను. ఏ సెకను దగ్గర ఎంతమంది నవ్వారో పట్టికలో రాసుకున్నాను. విసనకర్ర దగ్గర ఆరుగురు. "ఎస్ సర్" దగ్గర ఏడుగురు, ఒకడైతే మంచం మీద పడి దొర్లాడు. చివరి సీను దగ్గర ఎవరూ నవ్వలేదు. సున్నా అని రాశాను.

ఆ సాయంత్రమే కోసేశాను. టైము సరిపోకనా? మొత్తం కలిపినా తొమ్మిది నిమిషాల ఇరవై సెకన్లే. కమిటీ అడిగిందా? ఆ సీను ఉన్న కాపీని కమిటీ చూడనేలేదు. మారిసెల్‌కు చెప్పాలని తోచలేదా? తోచింది. చెబితే ఒప్పుకోదని తెలుసు, అందుకే చెప్పలేదు. నాకు చప్పట్లు కావాలి. అంతసేపు నవ్విన మనుషులు చివర్లో మాట్లాడకుండా లేచి వెళ్ళడం నేను భరించలేకపోయాను.

అద్దెకు తీసుకున్న స్కూలు ఆడిటోరియంలో సభ. మారిసెల్ చెల్లెలిని వెంటబెట్టుకుని వచ్చి మూడో వరుసలో కూర్చుంది. హాలంతా పడీపడీ నవ్వుతుంటే తనూ కొంచెం నవ్వింది. చెల్లెలి చెయ్యి నొక్కి, ఆగు, ఇప్పుడు చూడు అన్నట్టు తెర వైపు చూపించింది. పేర్లు పడ్డాయి. చప్పట్లు. లైట్లు వెలిగాయి. పక్కవాళ్ళు టీకి లేచారు. ఆమె ఖాళీ తెర వైపు చూస్తూ అలాగే కూర్చుంది.

నా పక్క మంచం శ్రీను జనంలోంచి వచ్చాడు. జగిత్యాల దగ్గరి మనిషి, ఏసీ టెక్నీషియన్.

"భయ్, ఆఖరి సీన్ ఏడ వోయింది?"

"ఎవరూ నవ్వలేదు కదా, తీసేశా."

"నవ్వేటిదా అది? మా అక్క మస్కట్ల గిట్లనే పనిజేసొచ్చి కాళ్లు ఒత్తుకుంటది. ఆ దినం నాకు మాట రాలే, గంతే."

నేను రాసుకున్న సున్నాలో శ్రీను ఉన్నాడు.

మర్నాడు ఆఫీసులో మారిసెల్ నన్ను తన బల్ల ముందు కూర్చోమంది. ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నాం. ప్రతి మాటా గుర్తుంది.

"సర్, నిన్న చూపించింది ఏ రివిజన్?"

"చివరిది."

"మార్చింది ఎవరు?"

"కమిటీ వాళ్ళు కోసేశారు."

"మీకు చెప్పకుండానా?"

"నేనూ అక్కడే చూశాను."

"అయితే మీక్కూడా కష్టంగానే ఉండి ఉంటుంది, సర్" అంది. సొరుగులోంచి ఎండు మామిడి ముక్కల పొట్లం తీసి నా వైపు జరిపింది. నేను తీసుకుని తిన్నాను. అదీ చెప్పాలి.

ఎవరో తీసిన క్లిప్పు ఫోన్ల మీదుగా లేబర్ క్యాంపులకు పాకింది. మారిసెల్ సంతకాల కోసం వారానికోసారి సైటుకు వెళ్ళేది. గేటు దగ్గర కుర్రాళ్ళు వరసగా నిలబడి వంగి "ఎస్ సర్, ఎస్ సర్" అనడం మొదలుపెట్టారు. వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. "అరే మేడమ్, ఏక్ బార్ వో వాలా కర్‌కే దిఖావ్ నా" అని, ఆ వేషం ఒకసారి చేసి చూపించమన్నాడొక ఫోర్‌మన్. ఆమె ఫైలును గుండెకు అదుముకుని నడిచిపోయింది. తర్వాత సైటుకు రావడం మానేసింది. ఆమె కాగితాలు నేను మోసుకెళ్ళేవాణ్ణి. సాయం చేస్తున్నాననుకున్నాను.

కొత్త ప్రాజెక్టులో, క్లయింటు ఆఫీసులో డాక్యుమెంట్ల విభాగానికి ఆమెనే హెడ్‌గా పంపుతామని మా ముదీర్, అంటే మేనేజరు, అంతకుముందే మాటిచ్చాడు. క్లిప్పు చూశాక, క్లయింటు ముందు కూర్చునే మనిషి హుందాగా ఉండాలన్నాడు. ఆ ఉద్యోగం వేరేవాళ్ళకు వెళ్ళింది. పూర్తి కాపీ నా హార్డ్ డిస్కులో ఉంది. తీసుకెళ్ళి ముదీర్ ముందు పెట్టి ఉంటే? ఆమె ఏం చేయడానికి ఒప్పుకుందో తెలిసేది. కోసింది ఎవరన్నదీ తెలిసేది. పెట్టలేదు. మూడు నెలలకు మారిసెల్ రాజీనామా చేసి ఉమ్ అల్ క్వైన్‌లో ఒక ఫ్యాక్టరీ ఆఫీసుకు వెళ్ళిపోయింది.

పోయిన వారం ఆ క్లిప్పు మళ్ళీ వచ్చింది. నేనెవరో తెలియని ఒక గ్రూపులో, నలభై సెకన్లకు కుదించి. అందులో ఆ కుర్రాడు లేడు. విసనకర్ర, నడుము, దండాలు, అంతే. వాణ్ణి చూసి నవ్వాల్సిన సినిమాలో వాడే లేడు. ఎవరో ఇంకొంచెం కోశారని కోపం వచ్చింది. మొదటి కోత ఎవరిదని వెంటనే గుర్తొచ్చింది.

పూర్తి ఫిల్ము బయట పెట్టొచ్చు కదా అంటారేమో. ఆమె ముఖాన్ని మళ్ళీ ఆమెను అడక్కుండానా? ఆమె నంబరు ఉంది, రాయొచ్చు. రాస్తే "పర్లేదు సర్" అంటుంది. ఆ మాట కోసమే రాసినట్టవుతుంది. ఏదో ఒకరోజు రాస్తానేమో, తెలియదు. ఈ రోజుకు ఆమె అడిగిన పట్టీ మాత్రం నింపుతున్నాను. మూడు గడులు. నింపుతుంటే చెయ్యి కొంచెం తేలికగా ఉంది, అంతకుమించి ఏమీ లేదు.

మార్పు: చివరి సీను తీసివేత.
మార్చినది: నేను.
అనుమతి: ఎవరినీ అడగలేదు.