ఎప్పుడు పోతవ్?

ఎవరైనా సాయం చేస్తామంటే చాలు, మా చిన్న మేనమామ అడిగే మాట ఒకటే: "మంచిదే. ఎప్పుడు పోతవ్?"

ఇరాక్‌లో కుర్దుల ఊళ్లో హోటల్ వంటవాడిగా పనిచేసి, మెట్‌పల్లికి ఆయన వెంట తెచ్చుకున్న ఆస్తి ఆ ప్రశ్నే. మిలిటెంట్లు ఊరిమీదికి వస్తుంటే అక్కడ ఆడవాళ్లు కూడా తుపాకులు పట్టారట.

"పెద్ద దేశపోళ్లు ఇమానాలేసుకొని సాయానికి అచ్చిండ్రు. ఫొటోలు దిగిండ్రు. నేనే కబాబులు చేసి పెట్టిన. మా హోటల్ సేఠు, ముసలి కుర్దాయన, ఒక్కడే అడిగిండు ఎప్పుడు పోతరని. అందరు నవ్విండ్రు. వాళ్ల పని అయినంక పోయిండ్రు" అనేవాడు.

ఓట్లకొచ్చిన నాయకుణ్ణీ అదే అడిగాడు. పొలం పనికి సాయమొచ్చిన బావమరిదినీ అదే అడిగి, అత్త చేత తిట్లు తిన్నాడు.

పోయిన ఎండాకాలం కళ్లంలో పసుపు ఆరబోసి ఉండగా వాన మొదలైంది. పొలం హద్దు గెట్టు తగాదాతో ఏళ్లుగా మాటల్లేని పక్క చేని రైతు టార్పాలిన్ పట్టుకొని పరుగెత్తుకొచ్చాడు. మామ రెండో కొస పట్టుకున్నాడు.

"గాయిన్ని ఎప్పుడు పోతవని అడగవేంది మామా?" అన్నాను.

"గాడు ఏడికి పోతడురా? రేపు పొద్దుగాల గెట్టుకాడ మల్ల కొట్లాడాలె గద."