మా గ్రౌండ్ల పట్టని సాఫ్ట్‌బాల్

మా చిన్నప్పుడు రెండో బేస్ కాడికి జారినోళ్లంత తుమ్ముకుంటనే లేసేటోళ్లు... ఎందుకంటే ఆ బేస్ మా బాపు దుకాణంల మిర్చి గోనెసంచి.

ఉస్మాన్‌గంజ్‌ల మా బాపుకు మిర్చి దుకాణం ఉండె. ఖాళీ సంచులు నేను ఎత్తుకొస్తే, మా పీటీ సార్ వాటిల రంపపు పొట్టు నింపి, మూతి కుట్టి, ఉరికొచ్చి తాకెటందుకు బేసులు చేసిండు. ఎంత దులిపినా ఘాటు పోకపోయేది. అవుటయిన పిల్ల ఏడుస్తున్నదా, మిర్చికి కండ్లల్ల నీళ్లొస్తున్నయా తెల్వకపోయేది...

డెబ్బైలల్ల ముచ్చట ఇది. గౌలిపుర దిక్కు ఆడపిల్లల బడి మాది. సాఫ్ట్‌బాల్ అంటే ఏందో మా గల్లీల ఒక్కరికి ఎరుకలే. సార్ ఏదో క్యాంపుకు పోయి నేర్చుకొని, ఒక బ్యాటు, రెండు గ్లౌజులు పట్టుకొచ్చిండు. మా నాయనమ్మ ఆ బ్యాటు చూసి, ఆడపిల్లలు రోకలి పట్టుకొని ఉరుకుడేందని నెత్తి కొట్టుకున్నది.

బాల్ ఏసేది రోజీ. బ్యాటు పట్టినోళ్ల ఎనక కూసోని దాన్ని పట్టేది నేను. అబ్బా... ఏం చెయ్యి అది! కింది నుంచి గిర్రున తిప్పి ఏస్తే, బాల్ సీదా నా ఛాతీ కాడికి వచ్చి గ్లౌజుల పడేది. అరచెయ్యి ఎర్రగ కందిపోయేది. మా బడిల ఒక్క పిల్ల కూడ ఆమె బాల్ కొట్టలే. మాతోని ఆడెతందుకు దగ్గర్ల ఇంకో టీమ్ లేదు, మాల మేమే రెండు భాగాలయ్యి ఆడుకునేది.

రోజీ వాళ్ల నాయన సున్నాలేసే పనికి పోయేటోడు. అమ్మ అగర్‌బత్తీల కార్ఖానల. పదో తరగతి అయినంక రోజీని కూడ ఆ కార్ఖానలనే పెడదామనుకున్నరు. సార్ వాళ్లింటికి పోయి, పిల్ల స్టేట్ టీమ్‌లకు వస్తే కాలేజీల ఫీజు లేకుంట తీసుకుంటరు, రేపు నౌకరీ కూడ దొరకొచ్చని చెప్పిండు. వాళ్ల నాయన, సెలక్షన్ అయితే చదివిస్త, కాకపోతే మళ్ల ఈ ముచ్చట మా ఇంట్ల తేవద్దన్నడు.

ఇగ రోజీకి అదొక్కటే ఫికర్. పొద్దుగాల బడి గంట కొట్టకముందే వచ్చి ఏసుడే ఏసుడు...

సెలక్షన్లు సికింద్రాబాద్ దిక్కు పెద్ద గ్రౌండ్ల పెట్టిన్రు. నయాపూల్ దాటి అంత దూరం బస్సుల పోవుడే మాకు పండుగ. రోజీ వాళ్లమ్మ తలకు నూనె పెట్టి, గట్టిగ రెండు జడలేసి పంపింది. మేము బస్సంత లొల్లి లొల్లి చేస్తుంటే సార్ మాత్రం కిటికీలకెల్లి బయటికే చూసుకుంట కూసున్నడు.

అక్కడ తెల్లటి సున్నం గీతలు, పచ్చగడ్డి... ఇంత పెద్దగున్నదేందే అని రోజీ నా చెవుల అన్నది.

మొదటి బాల్ ఏసింది. నా కాడికి రాకముందే నేల మీద పడ్డది. చెయ్యి జారిందేమో అనుకున్న. రెండోది కూడ గట్లనే దుమ్ముల పడ్డది. బలమంత పెట్టి ఏస్తే ఈసారి నా నెత్తి మీదికెల్లి పోయింది. నేను రెండో బేస్‌కు ఇసిరితే బాల్ నడుమల్నే ఆగింది. మావోళ్లు ఉరికి ఉరికి, బేస్ వచ్చిందనుకొని చూస్తే... బేస్ ఇంకా ముంగటనే ఉండె.

సెలక్షన్ చేసేటాయన మంచి మనిషే, కోపం చెయ్యలే.

"హాత్ అచ్ఛా హై బేటీ... మగర్ బాల్ పహుంచ్ నహీ రహా."

చెయ్యి మంచిదే, బాలే అందుతలేదంట. రోజీ సరేనని తలూపింది.

తెల్లారి సార్ సుతిలి తాడు తెచ్చి, అసలు కొలతలు ఎంతో మా గ్రౌండ్ల మొదటిసారి కొలిచి చూపించిండు. ఒక దిక్కు బడి, ఇంకో దిక్కు గోడ, ఆ గోడ అవతల కట్టెలు అమ్మే అడ్డి... గా నడుమ ఉన్న జాగల పట్టేటట్టు బేసులు దగ్గర దగ్గర పెట్టిండు ఇన్నేండ్లు. బేసులు దగ్గరైతే రోజీ నిలబడే గీత కూడ దగ్గరికి జరుగుతది గద. అసలు కొలత పట్టి చూస్తే రెండో బేస్ గోడ దాటి కట్టెల అడ్డిల పడ్డది. రోజీ గోడ దుంకి పోయి, ఆ దుంగల నడుమ నిలబడి అడిగింది.

"నీకు ముందుగాలనే ఎరుకేనా సార్?"

"ఎరుకే బిడ్డా... చెప్తే మీరు ఆడకపోయేటోళ్లు."

ఆయన మీద నా కోపం ఇప్పటికీ పోలే. ఆయన లేకుంటే మాకు ఆ ఆటే లేదు, గది కూడ నిజమే... ఏం చేద్దాం.

పరీక్షలైనంక రోజీ కార్ఖానకు పోయింది. సార్‌కు బదిలీ అయ్యింది. సంచులు వానకు తడిసి మురిగిపోయినయి. మా దిక్కు సాఫ్ట్‌బాల్ ఎదిగిన కథ అంటే గింతే.

మొన్న గుడిమల్కాపూర్ పూల మార్కెట్ల కలిసింది రోజీ. మోకాళ్ల నొప్పుల ముచ్చట, పిల్లల ముచ్చట అయ్యింది. పోయే ముంగట, పూల సంచి చేతుల పట్టుకొని అన్నది...

"దూరమెంతో ముందుగాల తెలిస్తే, అంత దూరం ఏస్తుంటినే నేను."

ఏస్తుండె. ఆమె బాల్ పట్టినదాన్ని, నాకు ఎరుక...

ఇప్పటి పిల్లలకు కొలిచి గీసిన గ్రౌండ్లు, బూట్లు, కోచ్‌లు. చూస్తే సంతోషం కావాలె, నాకు కడుపుల మండుతది. మీ బస్తీల కూడ జాగ చాలక ఆగిపోయిన పిల్లలు ఉండే ఉంటరు. ఏ టీమ్ లిస్టుల లేనోళ్లు... వాళ్ల పేర్లన్న ఈ ముచ్చట కింద రాయుండ్రి.