బెంచీ వదలని విద్యార్థి

ఆ రోజుల్లో పదో తరగతి పాసైన పిల్లవాడికి సలహాలు చెప్పడానికి చదువుకున్న వాళ్ళే దొరకాలని లేదు. నాకు బోరబండ బావ దొరికాడు. ఇంటర్ రెండుసార్లు తప్పినవాడు కాబట్టి కాలేజీ సంగతులు మా అందరికంటే బాగా తెలుసని ఇంట్లో గట్టి నమ్మకం. "ఫస్టు బెంచీల కూసో. ఎవడు లేసిపోయినా నువ్వు లేవకు. వాళ్ళంత సినిమాకు పోతరు. లేసినవా, జాగ పోతది" అన్నాడు. నేను దాన్ని ఎక్కంలా బట్టీపట్టాను.

అమీర్‌పేటలో కింద బట్టల దుకాణాలు, పైన మా కాలేజీ. నాది లెక్కల గ్రూపు. నన్ను ఇంజినీరుగా చూడాలని బాపు కోరిక. పొద్దున ఇంగ్లీషు పాఠం అన్ని గ్రూపులకూ కలిపి జరిగేది. అది కాగానే సగం మంది లేచి వెళ్ళిపోయేవారు. (పాపం, ఇంత పొద్దున్నే సినిమాకా అనుకునేవాణ్ణి.) బడిలో సార్లే మా దగ్గరికి వచ్చేవారు. ఇక్కడా వచ్చారు. ఒకాయన సరుకులు, అమ్మకాలు, లాభాల గురించి చెప్పేవారు. నాకు అనుమానం రాలేదు. సర్కారు బడి నుంచి వచ్చిన నాకు, ఇంగ్లీషులో ఏది చెప్పినా ఫిజిక్సే. పైగా ఆ లెక్కలు భలే నచ్చాయి. ఆయన బోర్డు మీద కూడిక ముగించేలోపు నేను జవాబు చెప్పేసేవాణ్ణి.

రెండు వారాలయ్యాక అటెండర్ భాయ్ గుమ్మంలోకి వచ్చి నా పేరు పిలిచాడు. లేచాను.

"నువ్వేనా? మీది గదిల లెక్కల సారు రోజు నీ పేరు పిలుస్తుండు, పత్తా లేవు. పేరు కొట్టేస్తరట. రేపు మీ బాపుని తోల్కరా!"

కామర్స్ సారు సుద్దముక్క కింద పెట్టారు. "ఏంటయ్యా, నువ్వు మా గ్రూపు కాదా? మరి ఇన్నాళ్ళూ ఇక్కడేం చేస్తున్నావు?"

"మీరు చెప్పింది ఇంటున్న సార్."

"క్లాసు మొత్తంలో వినేది నువ్వొక్కడివే. నువ్వూ మావాడివి కావన్నమాట!"

మర్నాడు బాపు మాసబ్ ట్యాంక్ ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చాడు. "పిల్లాణ్ణి నాకు వదిలేయండి, గ్రూపు మార్పిస్తాను" అన్నారు కామర్స్ సారు. బాపు నా ముఖం వైపు చూశాడు, తర్వాత మెట్ల వైపు చూశాడు. "మీదికి నడువు బిడ్డా" అన్నాడు మెల్లగా. నడిచాను.

ఇంజినీరును కాలేదు. పంజాగుట్ట దుకాణాల ఖాతాలు చూస్తూ ఇంతవాణ్ణయ్యాను. ఆ పనంతా సొంతంగా నేర్చుకున్నదే. క్లాసులో సారు చెప్పగా విన్న కామర్స్ మాత్రం ఆ రెండు వారాలే.

ఈ ఏడు మా అమ్మాయి కాలేజీలో చేరింది. "అందరితో పాటు లే. ఏ గదికో అడుగు, సిగ్గుపడకు" అన్నాను.

"అంత ఫోన్ల వస్తది డాడీ."

"సరే. ఒకవేళ తప్పు గదిలో కూర్చుంటే మాత్రం, పాఠం అయ్యేదాకా విను."

"అట్ల ఎవరన్న కూసుంటరా?" అని పడీపడీ నవ్వింది.

"కూసోరమ్మా" అన్నాను.